ఆవిడ ఆపిన చోటే ఆపు

చిరంజీవికి ఆశీస్సులు.

చిన్నప్పుడు మీ నాన్నగారితో ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న ఉలూరు కొండకు వెళ్లినప్పటి సంగతులతో నువ్వు రాసిన కథ తీరికగా చదివాను. ఎర్రమట్టిలో కూర్చున్న ఆ అనంగు (అక్కడి ఆదివాసి) పెద్దావిడ ఇసుకలో వేలితో యూ ఆకారం గీసి "ఇది మనిషి" అని చూపించిన ఘట్టం బాగుంది. మనిషి కూర్చుని లేస్తే ఇసుకలో మిగిలే ముద్ర అది. అప్పటికి చిన్నపిల్లవాడివి, అయినా ఇట్టే గ్రహించావు. అంతే సూటిగా రాశావు కూడా.

పేచీ ఆ తర్వాతి పేజీలతోనే. తనవాణ్ని చంపిన లిరు అనే విషసర్పం మీద కునియా అనే కొండచిలువ స్త్రీ పగ తీర్చుకున్న కథ చెబుతూ ఆవిడ ఒకచోట ఆగి, అరచేత్తో ఇసుక చదును చేసేశారు. నువ్వు ఆగలేదు. మంత్రాలు, అర్ధరాత్రి పూజలు, గుహలో వెలుగులు అల్లావు. అవన్నీ తీసెయ్యి. అనంగు వారి ధర్మం, చరిత్ర, నేల పట్ల బాధ్యత అన్నీ కలిసిన చుకుర్పా వయసును, అర్హతను బట్టి అంచెలంచెలుగా అందుతుంది. ఆడవారివి వేరు, మగవారివి వేరు. బయటివారికి చెప్పేది వాళ్ల పిల్లలకు చెప్పేంత మాత్రమే. అంటే ఆ రోజు నువ్వూ మీ నాన్నగారూ విన్నది పిల్లల కథే! ఆయన వయసు అక్కడ చెల్లలేదు. ఇంత చక్కని విషయం చేతిలో ఉండగా గుహలో వెలుగులెందుకు?

దాచుకోవడం వాళ్లకు ఎంత ముఖ్యమో పాపున్యా చూస్తే తెలుస్తుంది. ఆస్ట్రేలియా నడిమధ్య ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణానికి వాయవ్యాన ఉన్న ఆ ఊళ్లో 1971లో పింటుపి, లురిట్జా తదితర జాతుల పెద్దలు చెక్క పలకల మీద చిత్రాలు వేయడం మొదలుపెట్టారు. బయటపెట్టకూడనివి వేశారని సాటి ఆదివాసులే అభ్యంతరం చెప్పారు. దాంతో చిత్రకారులు అలాంటివి మానుకున్నారు, కొన్నింటిని చుక్కల చాటున ఉంచారు. మనం గోడకు తగిలించుకుని మురిసిపోయే ఆ చుక్కల చిత్రాల వెనక ఆ జాగ్రత్త కూడా ఉంది.

డిజెరిడూ కూడా తీసెయ్యి. అది ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్ వారి వాద్యం, ఉలూరు సంప్రదాయం కాదు. తెల్లజాతివారు వచ్చేనాటికి 250కి పైగా భాషలున్న ఖండం అది, అందరినీ ఒకే గాటన కట్టకు. "అంతరించిపోతున్న జాతి" అనే మాట చూసి నాకు ఒళ్లు మండింది. నువ్వు అతిథిగా వెళ్లిన ఆ నేలకు హక్కుదారులు వాళ్లే.

మీ నాన్నగారు గొలుసు పట్టుకుని కొండ ఎక్కిన సంగతి మాత్రం ఒక్క వాక్యంలో దాటేశావు. కథంతా అక్కడే ఉందయ్యా! దయచేసి ఎక్కవద్దని అనంగు వారు పెట్టిన బోర్డు పక్కన నిలబడి నువ్వు పైకి చూస్తున్నావు. పెద్దావిడ మాట అప్పటికే విన్నావు. నాన్నగారిని దోషిగా నిలబెట్టకు, అప్పట్లో వేలమంది ఎక్కేవారు. ఆ పిల్లవాడికి ఏమనిపించిందో రాయి, చాలు. 1985 అక్టోబరు 26న ఆ నేల అనంగు వారికి తిరిగి దక్కింది. సరిగ్గా అదే తేదీన, 2019లో, కొండ ఎక్కడం ఆగింది. ఈ రెండు తేదీలూ కథలో ఇరికించనక్కర్లేదు, నీకు తెలిసి ఉంటే వాక్యం నడక మారుతుంది.

ఆవిడ పేరు, ఫొటో వేస్తానన్నావు. ఇప్పుడే వద్దు. అక్కడ చనిపోయినవారి పేరు పలకరు. అదే పేరున్న బంధుమిత్రులను సైతం కున్మనరా అనే మారుపేరుతో పిలుస్తారు. ఆవిడ ఉన్నారో లేరో నీకు తెలియదు. ఉలూరులోని సాంస్కృతిక కేంద్రానికి ఉత్తరం రాసి, ఆ కుటుంబానికి సమ్మతమేనా అని అడుగు. జవాబు వచ్చేలోగా గొలుసు ఘట్టం తిరగరాసి పంపు. పత్రిక గడువు గురించి కంగారుపడకు, సంపాదకుడితో నేను మాట్లాడతాను.