చిత్రమూలం వేళ్లు తవ్వబోతున్న అమ్మాయికి

చిరంజీవి లలితకు పెదనాన్న ఆశీస్సులు.

చిత్రమూలం మొక్క వేళ్ల నుండి ప్లంబాజిన్ అనే పసుపు పదార్థాన్ని వేరుచేయడమే నీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు అని మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు ఎంతో గర్వపడ్డాను. వేళ్లను అమలాపురంలో మన ఇంటి మిక్సీలోనే పొడి చేస్తావని విన్నాక మాత్రం నిద్ర పట్టలేదు. ఆ వేరు గర్భానికి చేటని మన పల్లెల్లో తెలియని ముసలమ్మ లేదు. ఇంట్లో మీ వదిన ఒట్టి మనిషి కూడా కాదు. దాని ముద్దను మోకాలి నొప్పికి కట్టుకుంటే చర్మం బొబ్బలెక్కుతుంది. కాబట్టి దంచడం, జల్లించడం కాలేజీలోనే, చేతి తొడుగులతోనే జరగాలి. చదువుకున్నదానివి, ఈ మాట నాతో చెప్పించుకోవాలా తల్లీ?

మొక్కను పూత మీదే గుర్తుపట్టు. తెల్లపూల కింది పచ్చని గొట్టం వేలికి జిగురుగా అంటుకోవాలి. ఒక కొమ్మను ఎండబెట్టి, గుర్తింపు నమూనాగా హెర్బేరియానికి దాచు. వేళ్లకు పట్టిన ఒండ్రుమట్టిని కడిగి, నీడలో ఆరబెట్టు.

ఆరబెట్టడం దగ్గరే నా భయమంతా. నాతో పరిశోధన చేసిన మిత్రుడొకడు భాద్రపదంలో వేళ్లు తవ్వించాడు. మన ముసురులో బూజు పడుతుందని వాటిని ఓవెన్‌లో నూరు డిగ్రీల దగ్గర పెట్టి, తీసిన సారాన్ని మళ్లీ మరిగే వాటర్‌బాత్ మీద గంటల తరబడి ఇగిర్చాడు. మిగిలిన గోధుమరంగు జిడ్డు మీద క్షారం వేస్తే, ప్లంబాజిన్ ఉంటే రావలసిన ఊదారంగు రాలేదు. డెల్టా నేలలో పెరిగిన మొక్కలో ఆ పదార్థమే ఉండదని నివేదిక రాసేశాడు. ఓవెన్ తలుపు లోపలి పసుపు మరకను మేమందరం చూశాం, తుప్పనుకున్నాం. అది ఎగిరిపోయిన ప్లంబాజినే. దాని అణుభారం 188 మాత్రమే. 76–78 డిగ్రీలకే కరుగుతుంది, ఉత్పతనం చెందుతుంది, అంటే ఘనంగా ఉండగానే నేరుగా ఆవిరవుతుంది, నీటి ఆవిరితోనూ లేచిపోతుంది. పాపం, అతని బూజు భయంలో తప్పు లేదు, తవ్విన కాలమే తప్పు. నువ్వు మాఘం దాకా ఆగు. ద్రావణిని రోటరీ ఎవాపరేటర్‌లో, పీడనం తగ్గించి, నలభై డిగ్రీలు దాటకుండా తీసెయ్యి.

సారంలోని పదార్థాలను విడదీసే సిలికాజెల్ కాలమ్‌ను హెక్సేన్‌తో మొదలుపెట్టి, ఇథైల్ ఎసిటేట్‌ను కొద్దికొద్దిగా పెంచు. టీఎల్‌సీ (పలుచటి పొర క్రోమటోగ్రఫీ) ప్లేటు మీది పసుపు చుక్క అమోనియా ఆవిరికి ఊదాగా మారాలి. అణువు నిర్మాణం చూపే ప్రోటాన్ ఎన్‌ఎమ్‌ఆర్ వర్ణపటంలో 12 పీపీఎం దగ్గర హైడ్రాక్సిల్, 2.2 దగ్గర మిథైల్ కనిపిస్తాయి.

స్ఫటికాలు కరిగిన ఉష్ణోగ్రత చూసిన రోజు ఎంత రాత్రయినా ఫోను చెయ్యి. డెబ్బై లోపే కరిగితే మాత్రం, మరోసారి శుద్ధి చేశాకే చెయ్యి.

మీ పెదనాన్న