కరెంటు పెడితే చాలా? నీళ్లలో నడిస్తే తొందరగా తగ్గుతుందా?

ప్రశ్న: మా అత్తగారికి 64 ఏళ్లు. నెలన్నర క్రితం కుడి మోకాలి చిప్ప మార్పిడి ఆపరేషన్ అయింది. వారానికి మూడు రోజులు ఆటోలో ఫిజియోథెరపీకి తీసుకెళ్తున్నాను. కరెంటు పెడతారు, కాలు నాలుగుసార్లు వంచుతారు, పంపేస్తారు. ఇంకా వాకర్ వదల్లేదు. హైదరాబాద్‌లో ఉన్న మా ఆడపడుచేమో అక్కడ నీళ్లలో నడిపిస్తారట, తొందరగా తగ్గిపోతుందట, మా అపార్ట్‌మెంట్‌లో స్విమ్మింగ్ పూల్ ఉంది పంపించెయ్ అంటోంది. పంపమంటారా?
– ఓ కోడలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ కరెంటు సంగతి తేల్చేద్దాం. ఐఎఫ్‌టీ, టెన్స్ అనే ఆ మెషీన్లు నొప్పిని కాసేపు తగ్గిస్తాయి, అంతే. ఆ కాసేపట్లో మీ అత్తగారి చేత ఏం చేయించారన్నదే అసలు వైద్యం. (తొడ కండరం బిగుసుకోడానికి పెట్టే కరెంటు వేరే ఉంది, ఆపరేషన్ అయిన కొత్తలో అది బాగా పనికొస్తుంది, కానీ అప్పుడు కూడా కరెంటుతో పాటు మనిషి తనంతట తను కండరం బిగించాలి.)

ఓపీలో ఫిజియోథెరపిస్ట్ చేయాల్సిన మొదటి పని కొలవడం. మోకాలు ఎంత వంగుతోంది, అంతకంటే ముఖ్యంగా ఎంత చాపగలుగుతున్నారు, ఈ రెండూ గోనియోమీటర్ (కీలు వంగిన కోణం చూపే కొలబద్ద) పెట్టి కొలిచి రాసుకోవాలి. చదునైన నేల మీద నడవడానికి 60 డిగ్రీల పైచిలుకు వంగితే గడిచిపోతుంది గానీ, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవాలంటే 90 దాటాలి. ఇంకో చిన్న పరీక్ష ఉంది: కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూస్తారు. పెద్దవాళ్లకి 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ప్రమాదం ఉందని లెక్క. ఈసారి వెళ్లినప్పుడు "పోయిన వారం ఎంత, ఈ వారం ఎంత, వాకర్ నుంచి చేతికర్రకి ఎప్పుడు మారుస్తారు, ఇంట్లో ఏం చేయాలి" అని మొహమాటపడకుండా అడగండి. జవాబు లేకపోతే పూల్ గురించి ఆలోచించే ముందు సెంటర్ మార్చడం గురించి ఆలోచించండి.

ఇంట్లో ఒకటి చూడండి. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకుంటున్నారేమో. చాలామంది చేసే పనే. దానివల్ల మోకాలు వంగినట్టే ఉండిపోయి నిటారుగా చాపడం కష్టమవుతుంది, నడకలో కుంటు మిగిలిపోతుంది. దిండు తీసేసి, చుట్టిన టవల్ ఒకటి మడమ కింద పెట్టండి.

ఇక నీళ్లు. బావిలో బిందె నీళ్లలో ఉన్నంతసేపూ తేలిగ్గా వస్తుంది, పైకి రాగానే చేతులు లాగేస్తాయి చూడండి, ఇక్కడా అదే సూత్రం. 60 కిలోల మనిషి నడుము లోతు నీళ్లలో నిలబడితే కాళ్ల మీద పడేది దాదాపు సగం బరువే. రొమ్ము ఎముక చివరి దాకా దిగితే 20 కిలోలు, మెడ దాకా అయితే ఐదారు కిలోలు. అందుకే నేల మీద నాలుగడుగులకే మొహం ముడుచుకునే వాళ్లు నీళ్లలో అటూఇటూ తిరిగేస్తారు. పైగా నీటి ఒత్తిడికి కాలి వాపు కొంత తగ్గుతుంది. కాలు ఎంత వేగంగా కదిపితే నీరు అంత గట్టిగా అడ్డుకుంటుంది కాబట్టి, బరువులు కట్టకుండానే కండరానికి పని దొరుకుతుంది. అయితే నేల మీద వ్యాయామం కన్నా నీళ్లలోది తొందరగా నయం చేసేస్తుందని మాత్రం నేను చెప్పలేను. నొప్పి ఎక్కువున్న వాళ్లకి, బరువైన వాళ్లకి, రెండు కాళ్లూ బాగోలేని వాళ్లకి అది మంచి మెట్టు. ఛాతీ లోతులో మొదలుపెట్టి, నడుము లోతుకి తెచ్చి, చివరికి గట్టెక్కించాలి. ఎందుకంటే మీ అత్తగారు రేపు నడవాల్సింది వంటింట్లో, పూల్‌లో కాదు.

అపార్ట్‌మెంట్ పూల్‌కి మాత్రం ఇప్పుడే వద్దు. వైద్యానికి వాడే పూల్‌లో నీళ్లు 33, 34 డిగ్రీల దగ్గర గోరువెచ్చగా ఉంచుతారు, పట్టుకోడానికి కడ్డీలు, దిగడానికి ర్యాంపో వెడల్పాటి మెట్లో ఉంటాయి. అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల ఉండేది నిలువు నిచ్చెన. కొత్త మోకాలితో అది దిగడమే ఒక సర్కస్, చల్లటి నీళ్లకి కండరాలు పట్టేయడం అదనం. ఎక్కడికెళ్లినా కుట్ల గాయం పూర్తిగా మానిందని సర్జన్ చూసి సరేనన్నాకే. పిక్కలో కొత్తగా నొప్పి, వాపు వస్తే అది వ్యాయామం వల్లే అనుకోకండి, ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

ప్రశ్న: నడుము నొప్పికి నీళ్లలో వ్యాయామం చేయమన్నారు. నాకు ఈత రాదు, షుగర్ కూడా ఉంది. దిగొచ్చా?
– రిటైర్డ్ టీచర్, ఖమ్మం

జవాబు: ఈత రాకపోయినా పర్లేదు మాస్టారూ, తల ముంచే పని లేదు, నిలబడి చేసేవే ఎక్కువ. నీళ్లంటే టెన్షన్ ఉంటే ముందే చెప్పండి. షుగర్ దగ్గర మాత్రం జాగ్రత్త: దిగే ముందు రీడింగ్ చూసుకోండి, ఖాళీ కడుపుతో దిగకండి, ఇన్సులిన్ వాడుతుంటే డాక్టర్‌ని అడిగి వెళ్లండి. పాదాలు మొద్దుబారి ఉంటే పూల్ అడుగున గీసుకుపోయినా తెలియదు, అందుకని రబ్బరు అడుగున్న వాటర్ షూస్ వేసుకోండి, బయటికొచ్చాక వేళ్ల మధ్య తుడిచి చూసుకోండి. పుండు ఉంటే అసలు దిగొద్దు. జ్వరం, విరేచనాలు, అదుపులో లేని ఫిట్స్, గుండె బలహీనత ఉన్నవాళ్లకీ ఇదే మాట. గోరువెచ్చటి నీళ్లలోనూ చెమట పడుతుంది, తెలియదంతే, కాబట్టి మంచినీళ్లు తాగండి. గట్టెక్కగానే కాళ్లు బరువెక్కి కళ్లు తిరగొచ్చు, పది నిమిషాలు కూర్చుని కదలండి.

ప్రశ్న: ఫిజియోథెరపిస్ట్ కూడా నీళ్లలోకి దిగాలా? మాకు గట్టు మీద నిలబడే చెప్తున్నారు.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మొదటి కొన్నిసార్లు దిగడమే మంచిది. పైనుంచి చూస్తే నీళ్లలో పాదం ఎక్కడ పడుతోందో సరిగ్గా కనబడదు, తుంటి పక్కకి వాలుతోందో లేదో చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. పక్షవాతం వచ్చిన వాళ్లని, తూలిపోయే వాళ్లని ఒంటరిగా దింపి గట్టు మీద నిలబడటం నాకైతే నచ్చదు. అలవాటయ్యాక గట్టు మీంచి చెప్పినా తప్పులేదు, కాకపోతే చేసి చూపించేటప్పుడు నీళ్లలో సాధ్యమయ్యే వేగంతోనే చూపించమనండి.