మండలాల లిస్టుకు సెర్చ్ బార్: చెరిపితే పేర్లు ఎందుకు తిరిగి రావట్లేదు?

ఫ్లట్టర్‌లో (మొబైల్ యాప్‌లు రాసే గూగుల్ టూల్‌కిట్) మీరు శ్రీకాకుళం జిల్లా మండలాల లిస్టుకు సెర్చ్ పెట్టారు; 'పలాస' అని కొట్టి చెరిపేస్తే మిగతా పేర్లు రావట్లేదు. కారణం, వడపోసిన ఫలితాన్ని అసలు లిస్టులోనే మళ్లీ వేస్తున్నారు. రెండు లిస్టులు ఉంచండి: ఒకటి మార్చనిది, ఇంకోటి తెరమీద చూపించేది. టెక్స్ట్‌ఫీల్డ్ ఆన్‌ఛేంజ్డ్‌లో ప్రతిసారీ మొదటిదాన్నే 'వేర్', 'కంటెయిన్స్'తో వడపోసి, సెట్‌స్టేట్‌లో (తెరను మళ్లీ గీయించేది) రెండోదానికి ఇవ్వండి. కాలమ్‌లో లిస్ట్‌వ్యూని ఎక్స్‌పాండెడ్‌లో చుట్టకపోతే ఎత్తు తెలియక ఎర్రర్ వస్తుంది. సెర్చ్ బాక్సుకి కంట్రోలర్ (కొట్టిన మాటను పట్టి ఉంచేది) వాడితే, స్క్రీన్ మూసేటప్పుడు దాన్ని డిస్పోజ్ చేయాలి, అంటే వదిలించాలి.

ఇంతవరకూ తేలికే. అసలు తంటా తెలుగుతో. ఇచ్ఛాపురాన్ని సగంమంది 'ఇచ్చాపురం' అనే కొడతారు. కొన్ని కీబోర్డులు 'టెక్‌' దగ్గర పొల్లు తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) చేరుస్తాయి. దాంతో టెక్కలి దొరకదు. అందుకని ఒక చిన్న ఫంక్షన్ రాసి, ఆ గుర్తు తీసేసి, ఒత్తు అక్షరాలను మామూలువి చేసి (ఛ బదులు చ), పేరునీ వెతికే మాటనీ రెండింటినీ దాని గుండా పంపండి. తెరమీద మాత్రం అసలు పేరే చూపించండి. ఇంగ్లీషులో కొట్టేవాళ్లూ ఉంటారు కాబట్టి ప్రతి మండలానికీ ఇంగ్లీషు స్పెల్లింగులతో ఒక ఫీల్డు పెట్టి, చిన్న బడి అక్షరాల్లోకి మార్చి పోల్చండి. ఆమదాలవలసకైతే ఒక్క స్పెల్లింగు సరిపోదు లెండి.

డిబౌన్స్ (ప్రతి అక్షరానికీ కాకుండా, కొట్టడం కాస్త ఆగాక ఒక్కసారే వెతకడం) గురించి ఇప్పుడే బుర్ర పాడుచేసుకోకండి. మండలాలు పట్టుమని నలభై కూడా లేవు. రేపు ఊళ్ల పేర్లు సర్వర్ నుంచి తెచ్చేటప్పుడు టైమర్‌తో 300 మిల్లీసెకన్లు ఆపితే చాలు.