హాస్టల్ తిండి, మధ్యాహ్నం షిఫ్టు... కండ పట్టేదెలా?

ప్రశ్న: నా వయసు 27. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. మాదాపూర్‌లో హాస్టల్‌లో ఉంటూ మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 11 వరకు షిఫ్టు చేస్తున్నాను. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 55 కిలోలు. నిరుడు 58 ఉండేవాణ్ని. నాలుగు నెలలుగా జిమ్‌కు వెళ్తున్నా కండ పట్టడం లేదు. నిద్ర లేచేసరికి పదవుతుంది. టీ, మూడు బిస్కెట్లతో జిమ్‌కు వెళ్తాను. పన్నెండున్నరకు హాస్టల్‌లో అన్నం, పప్పు, కూర, కాస్త పెరుగు. సాయంత్రం టీ, సమోసా. రాత్రి 8కి క్యాంటీన్‌లో రెండు చపాతీలు, కూర. ఆ తర్వాత ఇంకో రెండు టీలు. పడుకునేసరికి 3. అన్నం మానేసి ప్రోటీన్ పౌడర్, మాస్ గెయినర్ వాడమని ట్రైనర్ అంటున్నారు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ‘అబ్బాయి మరీ బక్కగా ఉన్నాడు’ అని ఇప్పటికే రెండుసార్లు అన్నారు. వండుకునే టైమ్ లేదు. ఏం తినాలో చెప్పండి.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: మీ ఉత్తరంలో కండల సంగతి కంటే ముందు నన్ను ఆపిన మాట ఒకటుంది. ‘నిరుడు 58 ఉండేవాణ్ని’ అన్నారు. ఏడాదిలో మూడు కిలోలంటే చిన్న విషయంగా అనిపించొచ్చు. కానీ మీ బరువులో అది ఐదు శాతం పైనే. కావాలని తగ్గించుకోకుండా ఏడాదిలోపు ఐదు శాతం బరువు పోతే కారణం వెతకాలని మేం చదువుకున్నాం. మీ ఎత్తుకు 55 కిలోలంటే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చూసే లెక్క) 18.4 దగ్గర ఉంటుంది. 18.5 కంటే తగ్గితే తక్కువ బరువు కిందే లెక్క. మీ విషయంలో కారణం తిండేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. అయినా అనుకుని వదిలేయకూడదు. ఈ వారంలోనే దగ్గర్లోని డాక్టరును కలవండి. రక్తకణాల లెక్క చూసే సీబీపీ, షుగర్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, కిడ్నీల కోసం క్రియాటినిన్, వీలైతే విటమిన్ బి12, డి పరీక్షలు చేయించుకోండి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు ఉంటే టీబీ పరీక్ష తప్పనిసరి. ఎక్కువసార్లు మూత్రానికి వెళ్లడం, విపరీతమైన దాహం, గుండె దడ, చేతుల వణుకు, తరచూ విరేచనాలు... వీటిలో ఏది ఉన్నా డాక్టరుకు దాచకుండా చెప్పండి. నేను చూసిన వాళ్లలో ఒక కుర్రాడు ఆరు నెలలు జిమ్‌నూ, హాస్టల్ తిండినీ తిట్టుకుంటూ గడిపాడు. చివరికి పరీక్ష చేస్తే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని తేలింది.

ఇక తిండి. మీరు రోజంతా ఏం తింటున్నారో వివరంగా రాయడం చాలా మంచిదైంది. ఆ వివరాలతో కాగితం మీద లెక్క కట్టి చూశాను. ఒక పెద్ద పళ్లెం అన్నంలో 7, 8 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. హాస్టల్ పప్పు సంగతి మీకే తెలుసు, గరిటెకు నీళ్లే ఎక్కువ వస్తాయి. అందులో 4 గ్రాములు అనుకుందాం. ఆ కాస్త పెరుగుతో 2, 3. రెండు చపాతీలకు 6. రెండు పూటల కూరలు, సమోసా, బిస్కెట్లు కలిపి మహా అయితే 8. నాలుగు టీలలో పడే పాలకు ఇంకో 6, 7. ఎటు కూడినా 40 దాటడం లేదు.

మీకెంత కావాలి? మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. అంటే జిమ్ ఊసు లేని 55 కిలోల మనిషికే దాదాపు 46 గ్రాములు కావాలి. బరువులెత్తి కండ పెంచుకోవాలనుకునే వాళ్లకు కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాములు అవసరం. మీకది 66 నుంచి 88 మధ్య పడుతుంది. రోజుకు 80 అనుకుని తినండి. ఇప్పుడు తింటున్న దానికి ఇది రెట్టింపు. నాలుగు నెలలుగా మీ ఒళ్లు మొరాయించడం లేదండీ, దానికి కూలి అందడం లేదు. వ్యాయామం చేసినప్పుడు కండరం అలసి, తర్వాత తిండితో, నిద్రతో మళ్లీ కట్టుకుంటుంది. ఇటుకలు లేకుండా మేస్త్రీని పిలిస్తే గోడ లేవదు కదా.

ప్రోటీన్ ఒక్కటే పెంచినా చాలదు. మొత్తం తిండి తక్కువైతే ఒళ్లు ఆ ప్రోటీన్‌నే కాల్చి శక్తి తెచ్చుకుంటుంది. అందుకే అన్నం మానేయమన్న సలహా మీ విషయంలో పూర్తిగా తప్పు. బరువు పెరగాల్సిన మనిషికి అన్నం శత్రువు కాదు. బరువులెత్తడానికి కావలసిన శక్తి ప్రధానంగా వచ్చేది దాన్నుంచే. పైగా ప్రోటీన్ అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలతో తయారవుతుంది. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది ఎక్కువ. పప్పులో మెథియోనిన్ అనే ఇంకో ముక్క తక్కువ, ఆ లోటు బియ్యం తీరుస్తుంది. మన పెద్దలు పప్పన్నం కలిపి తినమన్నది ఊరికే కాదు. మీరు అన్నం తగ్గించొద్దు, అందులో కలిపేది పెంచండి.

మీ రోజులోని అసలు చిక్కు రాత్రి 8 నుంచి మర్నాడు పన్నెండున్నర దాకా ఉంది. పదహారు గంటలకు పైగా టీ, బిస్కెట్లే. అందులోనే జిమ్ కూడా. టీ ఆకలిని చంపుతుంది, భోజనంతో పాటు తాగితే తిండిలోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. రోజుకు రెండు టీలకు తగ్గించండి. భోజనానికి గంట ముందూ, గంట తర్వాతా వద్దు.

మీరు వంట చేయక్కర్లేని పద్ధతే చెబుతాను. నిద్ర లేవగానే ఒక పెద్ద గ్లాసు పాలు, రెండు అరటిపళ్లు. పావు లీటరు పాలలో 8 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. పాలు పడకపోతే పెరుగు. దాంతో జిమ్‌కు వెళ్లండి. హాస్టల్‌లో పొద్దున పెట్టే టిఫిన్ మీరు లేచేసరికి అయిపోతుందనుకుంటా. వంట చేసే ఆమెను అడిగి మీ వాటా డబ్బాలో పెట్టించుకోండి. పెసరట్టు వేసిన రోజైతే అస్సలు వదలొద్దు. పెసల్లో వందకు 24 గ్రాముల దాకా ప్రోటీనే. టిఫిన్ ఇడ్లీ అయితే జిమ్ నుంచి రాగానే నాలుగు తినేయండి.

మధ్యాహ్నం భోజనంలో పప్పు వడ్డించుకునేటప్పుడు గరిటెను గిన్నె అడుగు దాకా పోనిచ్చి చిక్కటిది తీసుకోండి, రెండు గరిటెలు. చిన్న మాటే కానీ పైన తేలే తేటకూ, అడుగున ఉన్న పప్పుకూ ప్రోటీన్‌లో సగానికి సగం తేడా ఉండొచ్చు. దాంతో రెండు ఉడికించిన గుడ్లు. గుడ్డుకు 6 గ్రాముల చొప్పున 12. ఎగ్ బాయిలర్ చిన్న స్టీలు గిన్నెంత ఉంటుంది. హాస్టల్‌లో ఒప్పుకుంటే ఒకటి కొనుక్కోండి. లేదంటే వంటింట్లోనే ఉడికించమనండి, గుడ్ల డబ్బు మీరిచ్చినా పర్లేదు. పచ్చసొన తీసి పారేయకండి. గుడ్డులోని ప్రోటీన్‌లో దాదాపు సగం, బి12, డి విటమిన్లు అందులోనే ఉంటాయి. మీ వయసులో, కొలెస్ట్రాల్ జబ్బు లేనివాళ్లకు రోజుకు రెండు గుడ్లు మామూలే. ఇంకో మాట. జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లు కొందరు పచ్చిగుడ్లు గ్లాసులో కొట్టుకుని తాగుతుంటారు. ఉడికించిన గుడ్డు ప్రోటీన్‌లో 90 శాతం దాకా ఒంటికి పడితే, పచ్చిదాంట్లో పట్టేది సగమే. పైగా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకే భయం. తర్వాత ఒక కప్పు నిండా పెరుగు. ఇలా తింటే మధ్యాహ్నం పూటే 30 గ్రాములు దాటుతుంది.

సాయంత్రం నాలుగున్నరకు సమోసా బదులు రెండు గుప్పిళ్ల వేయించిన వేరుశనగలు, లేదా పుట్నాలు. 40 గ్రాముల వేరుశనగల్లో 10 గ్రాముల ప్రోటీన్, 220 కేలరీలు పైనే. డెస్క్ దగ్గర కూర్చునే తినొచ్చు. మీ ఊరి నుంచి అమ్మ సున్నుండలు పంపిస్తారా? పంపకపోతే అడగండి. మినుములు, బెల్లం, నెయ్యి... బక్కగా ఉన్న మనిషికి అంతకు మించిన చిరుతిండి షాపులో దొరకదు. రోజుకు ఒకటి, రెండు చాలు.

రాత్రి ఎనిమిదికి రెండు చపాతీలను మూడు చేయండి. కూర మాత్రం బంగాళదుంప కాకుండా పనీర్, మీల్‌మేకర్, రాజ్మా, ఎగ్ బుర్జీ, చికెన్‌లలో ఏది ఉంటే అది. మీల్‌మేకర్ చవక, 30 గ్రాముల ఎండు ముక్కల్లో 15 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. శాకాహారులు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే, తర్వాత పెరుగు, ఉలవలు, శనగలు. బి12 మాత్రం తప్పకుండా చూపించుకోవాలి. హాస్టల్‌లో చికెన్ పెట్టే రోజుల్లో పులుసు ఒక్కటే పోసుకోకుండా నాలుగైదు ముక్కలు పడేలా చూసుకోండి.

షిఫ్టు అయ్యి వచ్చాక ఇంకో గ్లాసు పాలు తాగి పడుకోండి. అన్నీ కలిపితే 80 గ్రాములకు అటూ ఇటూ వస్తుంది, ఇప్పటికంటే రోజుకు కనీసం 500 కేలరీలు పెరుగుతాయి. గుడ్లు, పాలు, పళ్లు, పల్లీలకు అదనంగా అయ్యేది రోజుకు వంద రూపాయలు అటూ ఇటూ. ఒక్కసారిగా అంతా మొదలుపెడితే కడుపు ఉబ్బరిస్తుంది. మొదటి వారం పాలు, గుడ్లు. రెండో వారం పల్లీలు. తర్వాత రాత్రి భోజనం. ఇలా పెంచుకుంటూ పోండి. నీళ్లు బాగా తాగండి. వ్యాయామం అయిన అరగంటలోనే ప్రోటీన్ పడకపోతే అంతా వృథా అనే టెన్షన్ పెట్టుకోకండి. రోజు మొత్తం మీద సరిపడా, మూడు నాలుగు పూటలుగా పడితే చాలు.

ఇక డబ్బాల సంగతి. మాస్ గెయినర్ డబ్బా తిప్పి వెనక రాసింది చదవండి. చాలావాటిలో మొదట కనిపించేది మాల్టోడెక్స్‌ట్రిన్. అది చక్కెరలా త్వరగా అరిగే పిండిపదార్థం. దాని కోసం వేలు ఖర్చు పెట్టొద్దు. వే ప్రోటీన్ పాల నుంచి తీసిందే, విషం కాదు. కానీ మీకది మొదటి మెట్టు కాదు. కండ పెంచుకోవడానికి ప్రోటీన్ సప్లిమెంట్లు వద్దనే జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 ఆహార మార్గదర్శకాల్లో చెప్పింది. ఎప్పుడైనా తప్పనిసరై కొంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబరు ఉందో లేదో చూడండి. జిమ్‌లో చేతికిచ్చే విడి పొడి కొనొద్దు. కండబలం కోసం క్రియాటిన్ అనే సప్లిమెంట్ వాడే వాళ్లు రక్తపరీక్షకు ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. అది వాడితే కిడ్నీలు బాగానే ఉన్నా రిపోర్టులో క్రియాటినిన్ కాస్త ఎక్కువగా కనిపించొచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ప్రోటీన్ పెంచకూడదు, నేను పైన చెప్పిన తిండైనా సరే.

మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. రేపో మాపో ఎవరో ఒకరు ‘ఒక్క ఇంజెక్షన్ చాలు, రెండు నెలల్లో బాడీ వస్తుంది’ అంటారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు బయటి నుంచి మగ హార్మోన్‌ను పోస్తాయి. దాంతో ఒంట్లో అది తయారవడం ఆగిపోతుంది. వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు పడిపోతాయి, గుండె, లివర్ దెబ్బతింటాయి. మెఫెంటెర్మిన్ అని ఇంకొకటి ఉంది. ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇచ్చినప్పుడు పడిపోయిన బీపీని లేపడానికి వాడే మందు అది. అలుపు తెలియకుండా బరువులెత్తొచ్చని కొన్ని జిమ్‌ల చుట్టూ దాన్ని అమ్ముతున్నారు. దానికి అలవాటు పడినవాళ్లూ ఉన్నారు, గుండె లయ తప్పి ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లూ ఉన్నారు. పెళ్లి చేసుకుని పిల్లల్ని కనాలనుకునే వయసులో ఉన్నారు మీరు. దయచేసి ఆ దారి వైపు చూడకండి.

జిమ్ వారానికి నాలుగు రోజులు చాలు. కాళ్లు, వీపు, ఛాతీ లాంటి పెద్ద కండరాలకు పని పెట్టండి, రెండు వారాలకోసారి బరువు కొద్దికొద్దిగా పెంచండి. ట్రెడ్‌మిల్ మీద గంట పరుగు మీకు ఇప్పుడు అక్కర్లేదు. నిద్ర మాత్రం మూడు నుంచి ఒంటిగంటన్నరకు రావాలి. షిఫ్టు పదకొండుకే అయిపోతుంది, మిగతాదంతా ఫోనే అయ్యుంటుంది. ఏడెనిమిది గంటల నిద్ర లేకపోతే పైన చెప్పిన తిండికి ఫలితం సగమే.

ప్రతి ఆదివారం లేవగానే, ఏమీ తాగకముందు, ఒకే కాటా మీద బరువు చూసి రాసుకోండి. నెలకు కిలో నుంచి కిలోన్నర పెరిగితే బాగా వెళ్తున్నట్టే. పొట్ట ఒక్కటే పెరుగుతుంటే అన్నం కాదు, నూనె సరుకులు తగ్గించండి. ఆరు వారాలు ఇలా తిన్నా కాటా కదలకపోయినా, బరువు ఇంకా తగ్గినా ఆగకుండా ఫిజీషియన్ దగ్గరకు వెళ్లండి. రాసుకున్న బరువుల కాగితం, రక్తపరీక్షల రిపోర్టులు, రోజూ ఏం తిన్నారో రాసిన వివరాలు మూడూ తీసుకెళ్లండి. నాకు రాసినంత వివరంగా ఆయనకూ చెప్పండి.