విగ్రహం ఆర్డర్ వచ్చిందన్న మేనల్లుడికి

చిత్తూరు

అల్లుడూ,

ఇక్కడ మేమంతా క్షేమం. ఉభయకుశలోపరి. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు మీ అత్త కూడా చూసింది. మట్టి నమూనాలో ముక్కు బాగా కుదిరిందని చెప్పమంది. ఇది ఫోనులో తేలే సంగతి కాదు, అందుకే కాగితం ముందేసుకుని కూర్చున్నా.

ఎవరో నాయకుడి నాన్నగారి విగ్రహం, 12 అడుగులు. కింద పీఠం ఇంకో 8 అడుగులు. చుట్టూ గోడకు ఆయన చరిత్ర బొమ్మలు. చెయ్యెత్తి దీవిస్తున్నట్టు పెట్టమంటావా, దండం పెడుతున్నట్టు పెట్టమంటావా అని అడిగావు. శిల్పం నాకు రాదు నాయనా. నేను గోడలు రాసి, కటౌట్లు వేసి బతికినవాణ్ణి. ఫ్లెక్సీలొచ్చి మా పొట్ట కొట్టేదాకా అదే పని. అయితే ఉన్న మనిషిని ఉన్నదానికంటే పెద్దగా చూపించే విద్య ఏదైనా ఉంటే, అది మాత్రం నాకు క్షుణ్ణంగా తెలుసు.

ముందు ఒకసారి తిరుమల కొండకు పో. ఎన్నిసార్లు పోలేదూ అంటావు. ఈసారి దర్శనం కోసం కాదు, మహాద్వారం దాటగానే ఉండే మండపం కోసం పో. వెనకనుంచి "జరగండి, జరగండి" అంటూనే ఉంటారు, అయినా అర నిమిషం ఆగి చూడు. కృష్ణదేవరాయలు, అటూ ఇటూ తిరుమలదేవి, చిన్నాదేవి. రాగి విగ్రహాలు, 1517లో పెట్టినవి. భుజాల మీద పేర్లు కూడా చెక్కారు, రేపు ఎవడూ ఇది ఇంకొకరిదనకుండా! నెత్తిన పొడుగు కుళ్లాయి, రెండు చేతులూ జోడించి. కత్తి లేదు, గుర్రం లేదు.

అదే రాయలు హంపీలో ఎట్లా కనబడతాడో ఆలోచించు. ఉదయగిరి గెలిచి అక్కడి బాలకృష్ణుణ్ణి తీసుకుపోయి, 1515లో హంపీలో గుడి కట్టి ప్రతిష్ఠించాడు. అంటే ఓడిన కోటలోని దేవుడు గెలిచినవాడి ఊరికొచ్చాడు. అక్కడే మహర్నవమి దిబ్బ అనే ఎత్తయిన రాతి వేదిక చుట్టూ వరసలు వరసలుగా చెక్కిన ఏనుగులు, గుర్రాలు, వేటలు. అది సామంతులు, పరదేశం నుంచి వచ్చినవాళ్లు చూసే చోటు, అక్కడ బలం చూపించాలి. తిరుమలకు వచ్చేది మొక్కుకున్న జనం. అక్కడ బలం చూపిస్తే దేవుడితో పోటీ అవుతుంది. అందుకని దండం. ఆయనకు భక్తి లేదని నేననను. గద్వాల నుంచి వచ్చినా, కంచి నుంచి వచ్చినా ప్రతివాడూ ముందు రాజును దాటుకునే దేవుడి దగ్గరికి పోవాలి కదా, అదొక్కటి గమనించమంటున్నా. దేవుడి ముందు పగలూ రాత్రీ చేతులు జోడించి నిలబడ్డ రాజును ఎవడు తప్పు పడతాడు చెప్పు?

ఉదయగిరి చేజిక్కాక, 1514లో కొండకొచ్చి 30,000 బంగారు నాణేలతో కనకాభిషేకం చేశాడు. చేసి ఊరుకోలేదు, రాళ్ల మీద రాయించాడు. కొండ మీద ఆయన శాసనాలు తెలుగులో, తమిళంలో, కన్నడంలో కూడా ఉన్నాయి. నాకిది చదివినప్పుడు నవ్వొచ్చింది. మేమూ అంతే కదా! తమిళనాడు బార్డరు ఊళ్లలో అరవం, తెలుగు రెండూ రాసేవాళ్లం, కుప్పం పక్కకు పోతే కన్నడం కూడా. పెయింటు ఖర్చు చూసుకోవద్దు, చదివేవాడు ఎవడో చూసుకో అనేవాడు మా మేస్త్రి.

కాబట్టి చెయ్యి ఎత్తాలా, జోడించాలా అన్నది ఎవడు ఎక్కణ్ణుంచి చూస్తాడన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ సర్కిల్లో నిలబడి చూశావా? పొద్దున బస్సుకోసం నిలబడే ఆడవాళ్లు, ఆటోలవాళ్లు. 8 అడుగుల పీఠమంటే వాళ్ల తల ఆయన చెప్పుల దాకా కూడా రాదు. నలభై అడుగుల కటౌట్‌కు మేం గళ్లు కొట్టుకునేటప్పుడు తలను లెక్కకంటే కొంచెం పెంచేవాళ్లం, లేకపోతే కిందినుంచి చూస్తే తల చిన్నదై మనిషి తాటిచెట్టులా కనబడతాడు. ఆ కొలత తప్పితే డబ్బులు రావు. సరుగుడు కట్టెల మీదినుంచి దిగొచ్చి మెడ ఎత్తి చూసేవాణ్ణి. నేను గీసిన బొమ్మే, నాకే నేను చీమలాగా అనిపించేది. ఈ పనిలో అసలు కిటుకు ముఖంలో లేదురా. చూసేవాడి మెడ ఎంత వెనక్కి వంగుతుందో అందులో ఉంది.

నువ్వు కాలేజీలో చదివే ఉంటావు, హిట్లర్ కాలంలో స్పీర్ అనే ఆర్కిటెక్టు న్యూరెంబర్గ్ సభల్లో వందకు పైగా సెర్చిలైట్లు ఆకాశంలోకి నిలబెట్టి స్తంభాల్లాగా చేశాడు. ఇటుక లేదు, సున్నం లేదు, ఉత్త వెలుతురు. మధ్యలో నిలబడ్డ లక్షమందికి తామేమీ కామనిపించాలి, అంతే. మన దేశంలో తెల్లవాళ్లు ఢిల్లీలో రైసినా కొండ మీద చేసిందీ అలాంటిదే. రాజధాని ఢిల్లీకి మారుస్తామని 1911లో ప్రకటించి, లుట్యెన్స్, బేకర్ అనే ఆర్కిటెక్టుల చేత కొత్త రాజధాని కట్టించి 1931లో ప్రారంభించారు. ఇంక కదలమన్నట్టు కట్టారు. పదహారేళ్లకే మూట సర్దుకున్నారు. ఇండియా గేటు దగ్గర ఐదో జార్జి విగ్రహాన్ని 1968లో తీసేశాక ఆ రాతి గొడుగు కింద ఖాళీగానే ఉండిపోయింది. 2022లో నేతాజీ వచ్చాడు. గొడుగు మాత్రం అదే.

మన దగ్గర పంచాయతీ ఆఫీసులకు పార్టీ జెండా రంగులు కొట్టిన గొడవ నీకు గుర్తుండే ఉంటుంది. 2020లో హైకోర్టు తీసెయ్యమంది, సుప్రీంకోర్టులో కూడా అదే తేలింది. కొట్టినవాడికీ కూలి, చెరిపినవాడికీ కూలి. మా పెయింటర్లకు ఆ ఏడాది రెండు పండగలు.

ఇప్పుడు నీకు ఇంతవరకు చెప్పని సంగతి ఒకటి చెబుతా. మీ అమ్మకు తెలుసు.

పలమనేరు అవతల ఒక పల్లెలో నీళ్ల ట్యాంకు ఉండేది. ఊరివాళ్లు చందాలు వేసుకుని కట్టుకున్నది. ఎవరెంత ఇచ్చారో ట్యాంకు చుట్టూ పేర్లు రాయించుకున్నారు, ఎనామెల్ పెయింటుతో, నల్లటి అక్షరాలు. ఎలక్షన్ల ముందు ఒక నాయకుడి మనుషులొచ్చి ఆ పేర్లు కొట్టేసి ఆయన బొమ్మ వెయ్యమన్నారు. కింద "మీ దాహం తీర్చిన దాత" అని రాయాలి. నేను మారు మాట్లాడలేదు. సున్నం కొడుతుంటే ఒక ముసలమ్మ బిందె పక్కన పెట్టి, "మా ఆయన పేరు యాడుంది నాయనా, ఆ ఒక్క లైను ఉంచు" అంది. అప్పటికే ఆ పక్కంతా తెల్లగా చేసేశా. "ఆయన కండువా వచ్చే చోటమ్మా అది" అన్నా. ఏదో న్యాయం చెప్పినట్టు! ఆమె ఇంకేమీ అనలేదు, బిందె ఎత్తుకుని పోయింది.

డబ్బులు తక్కువిచ్చారని బొమ్మకు చవక డిస్టెంపర్ వాడా. రెండు వానలకు రంగు కారిపోయింది. కింద ఎనామెల్ చెక్కు చెదరలేదు. మళ్లీ ఆ దారిన పోయినప్పుడు చూస్తే నాయకుడి చెంపమీద, నుదుటిమీద ఊరివాళ్ల పేర్లు తేలి ఉన్నాయి. ఆ ముసలమ్మ పెనిమిటి పేరేదో నాకు తెలియదు గానీ, కండువా ఉన్న చోట ఒక పేరు మాత్రం గట్టిగా కనబడుతోంది. బస్సు దిగకుండానే వెళ్లిపోయా.

అందుకని నీకు చెప్పేది. ఆర్డర్ వద్దనను. అందరికీ పొట్ట ఉంది. ఆయన మంచివాడే కావచ్చు, కొడుక్కు తండ్రి మీద ప్రేమా ఉండొచ్చు. కానీ గోడమీద వెయ్యమన్న ఆ చరిత్ర బొమ్మల జాబితా ఉంది చూడు, దాన్ని పట్టుకుని ఆ ఊళ్లో ముసలివాళ్ల దగ్గర ఒక పూట కూర్చో. చెరువు ఎవరు తవ్వించారు, బడికి స్థలం ఎవరిచ్చారు అని అడుగు. ఆయన తవ్వించినదే అయితే బ్రహ్మాండంగా చెయ్యి. ఊరంతా కలిసి తవ్వుకున్నదైతే, పారలు పట్టుకున్నవాళ్లను కూడా బొమ్మలో పెట్టు. ఆయన్ను గట్టుమీద నిలబెట్టు, ఎవరూ కాదనరు. పారలవాళ్లను తీసెయ్యమంటే అప్పుడు నాకు ఫోన్ చెయ్యి, మాట్లాడదాం. పాత విగ్రహం ఏదైనా పీకి ఆ పీఠం మీద పెట్టమంటే మాత్రం ఫోన్ కూడా చెయ్యకు, అడ్వాన్సు వాపసు ఇచ్చి వచ్చెయ్.

పీఠం 8 అడుగుల నుంచి 4కు దించమని అడిగి చూడు. రాయి ఖర్చు తగ్గుతుందని చెప్పు, వింటారు. చేతులు జోడించే పెట్టు. తల కాస్త ముందుకు వంచు, ఆటోలవాళ్లతో మాట్లాడుతున్నట్టు.

సగం డబ్బు మట్టి పిసకకముందే తీసుకో, మిగతాది ఎలక్షన్ కోడ్ రాకముందే. కోడ్ వచ్చిందంటే విగ్రహానికి గుడ్డ కడతారు, నీ ఫోనెవరూ ఎత్తరు. 2012లో ఉత్తరప్రదేశ్‌లో ఎలక్షన్లప్పుడు, ఏనుగు మాయావతి పార్టీ గుర్తని రాతి ఏనుగులకు ముసుగులు వేయించారు గుర్తుందా? అప్పటిదాకా వాటిని పట్టించుకోనివాళ్లు కూడా ముసుగేశాక ఆగి చూశారు.

దసరాకు వస్తాను. నా ఫ్లాట్ బ్రష్షులు, దారపు ఉండ ఒక సంచిలో పెట్టి ఉంచా. అప్పుడు తెస్తాను.

మీ మామ