అక్క కొడుక్కి పేగుపూత వస్తే మా పాపకు చేపలు మాన్పించాలా?

ప్రశ్న: మా అక్క కొడుకుకు 14 ఏళ్లు. వాళ్లు విశాఖపట్నంలో ఉంటారు. ఏడాదిగా కడుపునొప్పి, విరేచనాలతో బాగా చిక్కిపోయాడు. పరీక్షలు చేసి క్రోన్స్ అనే పేగుపూత అన్నారు. అన్నం పూర్తిగా మాన్పించి, ఎనిమిది వారాలు పొడి కలిపిన ద్రవాహారమే ఇమ్మన్నారు. తిండి వల్లే ఈ జబ్బు వచ్చిందని అందరూ అంటున్నారు. మా పాపకు 9 ఏళ్లు. భయపడి చేపలు, గుడ్లు, పాలు, చద్దన్నం మాన్పించాం. రెండు నెలలుగా పప్పన్నం, చారన్నం, బిస్కెట్లతో సరిపెడుతున్నాం. అప్పుడప్పుడు బొడ్డు చుట్టూ నొప్పి అంటుంది. తనకూ ఈ జబ్బు వస్తుందా? ఇంకా ఏమేం మాన్పించాలి?
- ఒక తల్లి, నరసన్నపేట

జవాబు: అమ్మా, ముందు ఈ రాత్రికి పాప కంచంలో చేపముక్క వేయండి. తక్కిన సంగతులు తర్వాత చదువుకోవచ్చు. మీరు మాన్పించినవన్నీ ఎదిగే పిల్లకు కావలసినవే. మీరు పెడుతున్నవాటిలో నన్ను కలవరపెట్టింది బిస్కెట్లు ఒక్కటే.

మీ భయం ఎక్కడ మొదలైందో అర్థమైంది. డాక్టరే అన్నం ఆపించారంటే అన్నంలోనే ఏదో ఉందని ఏ తల్లికైనా అనిపిస్తుంది. కానీ ఆ ద్రవాహారం మందులాంటిది. పిల్లల్లో క్రోన్స్ బయటపడినప్పుడు, పేగు వాపు తగ్గించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు సకల పోషకాలూ ఉన్న ద్రవాహారం మాత్రమే ఇవ్వడం చాలా దేశాల్లో పిల్లల వైద్యులు అనుసరించే చికిత్స. స్టెరాయిడ్ మాత్రలకు దీటుగా పనిచేస్తుంది. స్టెరాయిడ్లు పిల్లల ఎదుగుదలను అణచివేస్తాయి. ద్రవాహారమైతే బరువు పెంచుతుంది, పేగు లోపలి పొర మానడానికీ తోడ్పడుతుంది. అబ్బాయికి మంచి వైద్యమే అందుతోంది. అయితే కాలు విరిగిన పిల్లవాడికి కట్టు కట్టారని ఇంట్లో పిల్లలందరికీ కట్లు కట్టం కదా!

మనం పేగుపూత అంటున్నది ప్రధానంగా రెండు జబ్బులు. క్రోన్స్ నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగుకే పరిమితం. రెండింటిలోనూ శరీర రక్షణ వ్యవస్థ తన పేగు మీదే తిరగబడుతుంది. పుట్టుకతో వచ్చిన జన్యువులు, పేగులో నివసించే సూక్ష్మజీవులు, పెరిగిన పరిసరాలు, తిండి అన్నీ కలిస్తే ఆ పరిస్థితి వస్తుంది. ఫలానా కూర తిన్నందుకు వచ్చిందని చెప్పగలిగే జబ్బు కాదిది. మీ అక్క ఏదో పెట్టడం వల్ల కొడుక్కి వచ్చిందని ఇంట్లో ఎవరైనా అంటూ ఉంటే, దయచేసి ఈ మాట వారికి చదివి వినిపించండి. ఆమె ఇప్పటికే ఎంతో మోస్తోంది.

వంశపారంపర్యం సంగతి. తల్లికో, తండ్రికో, తోబుట్టువుకో ఈ జబ్బు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుంది. అలాంటి ఇళ్లలో కూడా ఎక్కువమందికి రాదు. పెద్దమ్మ కొడుకు వరసకు అన్నయ్యే అయినా జన్యువుల లెక్క వేరు. తోబుట్టువులు సగటున సగం జన్యువులు పంచుకుంటే, పెద్దమ్మ పిల్లలతో పంచుకునేది ఎనిమిదో వంతు.

అంటే తిండికి సంబంధమే లేదా? ఉంది, కానీ మీరు అనుకుంటున్న వైపు కాదు. నార్వే, స్వీడన్ దేశాల్లో 81,280 మంది పిల్లలు ఏడాది వయసులో ఏం తిన్నారో నమోదు చేసి, వారిని ఏళ్ల తరబడి గమనించారు. ఆ ఫలితాలు 2024లో ‘గట్’ అనే వైద్య పత్రికలో వచ్చాయి. కూరగాయలు, పండ్లు, చేపల వంటివాటితో మంచి ఆహారం తిన్న పిల్లల్లో పేగుపూత ముప్పు నాలుగో వంతు తక్కువగా కనిపించింది. చేపలు బాగా తిన్నవారిలో అల్సరేటివ్ కొలైటిస్ ముప్పు సగానికి పైగా తగ్గింది. చక్కెర కలిపిన పానీయాలు తాగినవారిలో పేగుపూత 42 శాతం ఎక్కువగా వచ్చింది. మీరు ఆపింది చేప అమ్మా, అందుకే దానితో మొదలుపెట్టాను.

42 శాతం అనగానే గుండె జారనివ్వకండి. అంతమంది పిల్లల్లో చివరకు జబ్బు వచ్చింది 307 మందికి. వెయ్యికి నలుగురు కూడా లేరు. అంత చిన్న అంకె మీద ఎక్కువ తక్కువలు ఇవి. పైగా ఇలాంటి అధ్యయనాలు సంబంధాన్ని చూపుతాయి కానీ, ఇదే కారణమని తేల్చలేవు.

పెద్దల మీద జరిగిన మరో అధ్యయనంలో మన దేశం కూడా ఉంది. 21 దేశాల్లో 1,16,087 మందిని గమనించి 2021లో ప్రచురించారు. ఫ్యాక్టరీలో తయారై పొట్లాల్లో, సీసాల్లో వచ్చే తిండిని రోజుకు ఐదుసార్లో అంతకంటే ఎక్కువగానో తీసుకున్నవారిలో పేగుపూత ముప్పు, రోజుకు ఒక్కసారి కూడా తిననివారి కంటే 82 శాతం ఎక్కువ. పాలు, మాంసం, పప్పులు, పండ్లు, కూరగాయల వల్ల ముప్పు పెరిగినట్లు కనిపించలేదు. పొట్లం తిండిలో ఏది కీడు చేస్తోందన్నది ఇంకా తేలలేదు. ఐస్‌క్రీములు, సాసుల వంటివాటిలో నూనె, నీరు విడిపోకుండా కలిపే కొన్ని రసాయనాలు పేగును కాపాడే జిగురు పొరను పలచన చేస్తాయని ఎలుకల్లో గమనించారు. మనుషుల్లో పరిశోధన సాగుతోంది.

కాబట్టి ఏదైనా తగ్గించాలనిపిస్తే బడి ఎదురుగా ఉన్న కొట్టు దగ్గర మొదలుపెట్టండి. ఐదు రూపాయల చిప్స్ పొట్లం, రంగునీళ్ల సీసా, బిస్కెట్లు, నూడుల్స్. పండగనాడు తింటే ఏమీ కాదు. రోజూ అన్నం తినే వేళకు ఇవి కడుపు నింపేయడమే నేను వద్దంటున్నది. వాటి బదులు పెట్టదగినవాటికి మన జిల్లాలో లోటు లేదు. వంజరం, చందువ కొనక్కర్లేదు. మన తీరంలో పడే కవ్వలు, కానాగంతలు, నెత్తళ్లు ధరలో చిన్నవి, మేలులో పెద్దవి. వారానికి రెండుసార్లు పులుసు పెట్టండి. చోడి అంబలి, ఆనపకాయ, తోటకూర, అరటిపండు, పనసతొనలు ఏవీ వద్దనకండి. బడిలో ఇచ్చే గుడ్డు, రాగిజావ, చిక్కీ తిననివ్వండి. చద్దన్నం పేగుపూత తెస్తుందనడానికి ఆధారమేమీ లేదు. కాచి చల్లార్చిన నీళ్లు పోసి, మూతపెట్టి, పొద్దున్నే పెరుగుతో పెడితే నిశ్చింతగా తినవచ్చు. మరొక మాట. చిన్న జలుబుకూ విరేచనానికీ మందుల దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ వేయకండి. చిన్నతనంలో అవి ఎక్కువగా వాడిన పిల్లల్లోనూ ఈ ముప్పు ఎక్కువగా కనిపించింది.

పాప నొప్పి విషయానికి వస్తాను. బొడ్డు చుట్టూ అప్పుడప్పుడు వచ్చి పోయే నొప్పి, ఆటలకు, నిద్రకు అడ్డు రాకుండా ఉంటే, ఈ వయసులో చాలావరకు ప్రమాదం లేనిదే. మలబద్ధకం ఉందేమో అడగండి. ఫిబ్రవరిలో, ఆగస్టులో బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేసుకుందో లేదో కనుక్కోండి. మలంలో రక్తం, రాత్రి నిద్రలో లేచి విరేచనానికి వెళ్లడం, వారాల తరబడి తగ్గని విరేచనాలు, కారణం లేని జ్వరం, పదేపదే నోటిపూత, కీళ్లనొప్పులు, మలద్వారం దగ్గర పుండు, బరువు తగ్గడం... వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పరీక్ష పేగులో వాపు ఉందా అన్నది సూచిస్తుంది. అది పెరిగినంత మాత్రాన పేగుపూత అని కాదు. అమీబా, జిగట విరేచనాలు, మన దేశంలో ఇంకా తరచుగా చూసే పేగు క్షయ కూడా అలాగే కనిపిస్తాయి. అందుకే పెద్దపేగు ఎండోస్కోపీ చేసి, చిన్న ముక్క తీసి పరీక్షించాకే నిర్ధారణకు వస్తాం.

తిండి మాన్పించడంలో మరో చిక్కుంది. కొన్నేళ్ల క్రితం తీరప్రాంతం నుంచి ఒక అమ్మాయిని నా దగ్గరకు తీసుకొచ్చారు. కడుపునొప్పి మొదలైనప్పుడు పాలు ఆపారు, తర్వాత గుడ్లు, తర్వాత కూరలు. చిక్కిపోతుంటే పథ్యం వల్లే అనుకున్నారు. ఎనిమిది నెలలు గడిచాయి. పేగులో జబ్బు ఉందని చెప్పే మొదటి గుర్తు ఆ చిక్కిపోవడమే. పథ్యం దాన్ని కప్పేసింది. ఆ తల్లి చేసిందంతా ప్రేమతోనే చేసింది. ఈ మాట మీకు రాస్తుంటే నాకు ఆమె ముఖమే గుర్తొస్తోంది.

కాబట్టి ఈ వారమే పాప బరువు చూడండి. గుమ్మం పక్కన గోడకు నిలబెట్టి పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేయండి. ఈ వయసులో ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరగాలి. మామూలు తిండికి వచ్చాక కూడా మూడు నెలల్లో బరువు పెరగకపోతే, ఆ అంకెలు రాసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి.

అబ్బాయికి ద్రవాహారం పూర్తయ్యాక డాక్టరు చెప్పిన వరసలో ఒక్కొక్క పదార్థం తిరిగి మొదలవుతుంది. ఈలోగా మీ ఇంటికి వస్తే జాలిపడి ఒక్క ముద్ద తినమని ఎవరూ బలవంతం చేయకండి. వాడిది అంటుకునే జబ్బు కాదు. వాడు తన గ్లాసు తాగుతుంటే, పాపను చేపల పులుసు కంచంతో పక్కనే కూర్చోబెట్టవచ్చా అన్నది మాత్రం ముందు వాడినే అడగండి. ఎనిమిది వారాల పాటు అన్నం వాసన మాత్రమే చూడాల్సినవాడు.