అతిథి సంగతి తరువాత, ముందు బల్లలు ఎక్కడ వేస్తున్నారో చూసుకోండి

నలుగురు మిత్రులు కలిసి సైన్స్ ఫిక్షన్, కామిక్స్ అభిమానుల కోసం ఒక చిన్న కన్వెన్షన్ (అభిమానులంతా ఒకచోట కలుసుకునే సభ) జరపాలనుకుంటున్నామనీ, మొదటిసారే పేరున్న అతిథిని రప్పించడం ఎలాగో చెప్పమనీ మీరు అడిగారు. ఇలాంటివి మూడు నడిపాను కనుక నా మాట కొంచెం కటువుగా ఉన్నా మన్నించండి. అతిథి గురించి ఇంత ముందుగా ఆలోచించడమే పొరపాటు. ముందు ఒక కాగితం తీసుకుని, మీకు దొరికిన హాలుకు తలుపులు ఎన్ని, అవి ఎటు తెరుచుకుంటాయి, లోపలికి వచ్చిన మనిషి ఏ దారిన నడిచి ఏ దారిన బయటికి వెళతాడు అన్నది గీయండి.

మా మొదటి కన్వెన్షన్‌కు మేము ఒక పేరున్న రచయితను పిలిచాము. సన్నాహాలకు ఉన్న ఐదు నెలల్లో మూడు నెలలు ఆయనతో ఉత్తర ప్రత్యుత్తరాలకే పోయాయి, మిగిలిన రెండు నెలల్లో చాలా భాగం మా కమిటీలోని కొందరు లోగో రంగు మీద వాదించుకోవడానికి పోయింది. (ఏ కమిటీలోనైనా లోగో గురించి గంటలకొద్దీ మాట్లాడేవారు కుర్చీలు మోసే వేళకు కనిపించరు, ఇది నేను మూడు సార్లూ గమనించిన విషయం.) ఆయన చెప్పిన వేళకు వచ్చారు, చక్కగా మాట్లాడారు, అడిగిన వారందరికీ సంతకాలు చేశారు. ఆయన వల్ల ఏ లోటూ జరగలేదు, జరిగిన లోటంతా మా వల్లనే.

సొంతంగా కామిక్స్ గీసి, అచ్చు వేయించుకుని తెచ్చుకున్న చిత్రకారుల కోసం పద్ధెనిమిది బల్లలు వేశాము. హాలు వెనుక ఒక పొడవాటి వసారా ఉంటే, అక్కడైతే వరుసగా అందంగా ఉంటుందని అన్నీ అందులోనే పెట్టించాము. ఆ వసారా చివర గోడ తప్ప మరేమీ లేదనీ, పనిగట్టుకుని వస్తే తప్ప అటువైపు ఎవరూ రారనీ మాలో ఒక్కరికీ తట్టలేదు. మధ్యాహ్నం పన్నెండు గంటలకు రచయిత ప్రసంగం మంచి ఊపులో ఉండగా, చిత్రకారులకు నీళ్ళ సీసాలు ఇద్దామని నేను అటు వెళ్ళాను. ఒక అమ్మాయి బల్ల మీద నలభై పుస్తకాల దొంతర ఉదయం పేర్చినది పేర్చినట్టే ఉంది. పైనున్న ఒక్క ప్రతి మాత్రం కాస్త నలిగింది, అది కూడా పక్క బల్ల కుర్రవాడు ఊసుపోక రెండు సార్లు చదివినందువల్ల. ఆ అమ్మాయి నన్ను చూసి, "ఇవాళ జనం రాలేదా అండీ?" అని అడిగింది. సరిగ్గా అప్పుడే గోడకు అవతల నుంచి మూడు వందల మంది ఒక్కసారిగా నవ్విన చప్పుడు వినిపించింది.

హాలుకు వెనుక వైపు ఒక తలుపు ఉంది, అది ఆ వసారాలోకే తెరుచుకుంటుంది. విరిగిన కుర్చీలు అడ్డం పడి ఉండడంతో మేము దాన్ని గోడగానే లెక్కవేశాము. ఇద్దరు వాలంటీర్లతో కలిసి పావుగంటలో ఆ కుర్చీలు తీసివేసి, తలుపు తెరిపించి, సంతకాల బల్లను వసారా చివరికి మార్చి, ప్రసంగం ముగియగానే అందరినీ అటువైపు రమ్మని ప్రకటించాము. జనం వచ్చారు గానీ, సంతకాల కోసం నిలబడిన వరుస బల్లల ముందే గోడ కట్టినట్టు ఆగిపోయింది. వరుసలో ఉన్నవారు చోటు పోతుందని వంగి చూడరు, చూడాలనుకున్నవారికి బల్ల అందదు. అప్పుడు నేల మీద టేపు అతికించి వరుసను ఎదుటి గోడ వారగా జరిపాము. సాయంత్రానికి ఆ అమ్మాయి దగ్గర ఆరు ప్రతులు మిగిలాయి. అతిథి ఉదయం నుంచీ ఉన్నారు కదా, మారిందల్లా తలుపు ఒక్కటే.

పెద్ద పేర్లు లేనిదే జనం రారని మీరు అనవచ్చు. 1937 జనవరి 3న ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో జరిగిన సైన్స్ ఫిక్షన్ అభిమానుల సభకు వచ్చినవారు ఇరవై మంది దాకా మాత్రమే, అయినా దాన్ని ఇప్పటికీ తలుచుకుంటున్నారు. ఈనాడు అందరూ కలలు కనే శాన్ డియాగో కామిక్ కన్వెన్షన్ వారు కూడా 1970 ఆగస్టులో మూడు రోజుల సభ జరిపే ముందు, అదే ఏడాది మార్చిలో నిధుల కోసం ఒక్కరోజు సభ జరిపి చూసుకున్నారు. ఆగస్టు సభకు సుమారు 300 మంది వచ్చారు. మీరు కూడా ఒక్క రోజుతో మొదలుపెట్టండి. టోక్యోలో 1975 డిసెంబరులో 32 అభిమాన బృందాలతో మొదలైన కామిక్ మార్కెట్ అనే, అభిమానులు తాము అచ్చు వేసుకున్న పుస్తకాలు అమ్ముకునే సంతలో అమ్మేవారినీ, కొనేవారినీ, పనిచేసేవారినీ అందరినీ పాల్గొనేవారనే అంటారు. ప్రపంచ సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్ కూడా టికెట్టు కన్నా ముందు సభ్యత్వమే ఇస్తుంది. ఇది మాటల గారడీ కాదని నా గట్టి నమ్మకం: టికెట్టు కొన్నవాడు ఏం చూపిస్తారని అడుగుతాడు, సభ్యుడైనవాడు కుర్చీ పట్టుకోవడానికి వస్తాడు.

ఇక చర్చల సంగతి కూడా ఒక మాట. ఒక్కో చర్చకు యాభై నిమిషాలే ఇచ్చి, తరువాతి పది నిమిషాలు గది ఖాళీ కావడానికి వదలండి. వేదిక మీద ఐదుగురిని కూర్చోబెడితే ఇద్దరు మాట్లాడతారు, ముగ్గురు అలుగుతారు, కనుక ముగ్గురు చాలు.

ఇంతా విన్న తరువాత కూడా అతిథి కావాలనే అనిపిస్తే, ఉత్తరంలో పొగడ్తలు తగ్గించి, ఆయన ఎన్ని గంటలు మాట్లాడాలి, ఎంతసేపు సంతకాలు చేయాలి, రోజంతా ఆయన వెంట ఎవరు ఉంటారు, ప్రయాణ ఖర్చు ఎవరిది అన్నవి స్పష్టంగా రాయండి. సంతకాల బల్లను మాత్రం ఆయన ప్రసంగించే గదిలో వేయకండి.